నాయిస్ గేట్ పెడితే మాటల చివర్లు తెగిపోతున్నాయి, ఏం చేయాలి?

ఫ్యాన్ శబ్దం పోవాలని గేట్ పెట్టారు, అంటే శబ్దం ఒక స్థాయి కంటే తగ్గగానే దాన్ని అణిచేసే ఎఫెక్ట్. ఇప్పుడు 'వచ్చాడు' అన్నది 'వచ్చా' అని వినిపిస్తోంది, మాట ఆగిన ప్రతిచోటా రికార్డింగే ఆగిపోయినట్టుంది. ఇదే కదా మీ ఇబ్బంది? నేను కృష్ణానగర్‌లో అద్దె ఫ్లాట్‌లోనే ఆడియో కథలు రికార్డ్ చేస్తాను. కింద ఆటోలు, పైన ట్యాంకు, మధ్యలో పక్కింటి కుక్కరు. ఇక్కడ నాకు పనికొచ్చిన పద్ధతి చెప్తాను.

ముందు ఒక విషయం. గేట్ మీ గొంతులోంచి ఫ్యాన్‌ని వేరు చేయలేదు. అది అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటిది, మీకోసం గేటు తీస్తే మీ వెనకే దోమలూ వస్తాయి. మీరు మాట్లాడుతున్నంతసేపూ ఫ్యాన్ శబ్దం అలాగే ఉంటుంది, మాటల మధ్య ఖాళీల్లో మాత్రమే తగ్గుతుంది. అందుకే ఖాళీల్లో పూర్తిగా మూసేస్తే ఆ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. అసలు ఫ్యాన్ అలాగే ఉంచినా వినేవాళ్లకి అంత చిరాకు ఉండదు.

కాబట్టి మొదట మార్చాల్సింది థ్రెషోల్డ్ (గేట్ తెరుచుకునే శబ్ద స్థాయి) కాదు, రేంజ్, అంటే గేట్ మూసుకున్నప్పుడు శబ్దం ఎంత తగ్గాలన్నది. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ నాయిస్ గేట్‌లో దీన్ని లెవెల్ రిడక్షన్ అంటారు. 10 నుంచి 12 డీబీ (డెసిబెల్స్) తగ్గితే చాలు. చాలామంది దీని జోలికే వెళ్లరు, నా దృష్టిలో సగం సమస్య ఇక్కడే ఉంది.

ఇక థ్రెషోల్డ్. ఏమీ మాట్లాడకుండా కాసేపు రికార్డ్ చేసి మీటర్ చూడండి. ఫ్యాన్ ఒక్కటే మైనస్ 52 దగ్గర ఆడుతోంది, మీరు మెల్లగా పలికిన చివరి అక్షరం మైనస్ 40 దాకా పడుతోంది అనుకుందాం. అప్పుడు మైనస్ 46 ప్రాంతంలో పెట్టండి. రెండింటికీ మధ్య తేడా నాలుగైదు డీబీలే ఉంటే ఏ సెట్టింగూ కాపాడదు, మళ్లీ రికార్డ్ చేయాల్సిందే.

తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. వాక్యం చివర వచ్చే డు, లు, ది లాంటివి మనం చాలా తేలిగ్గా పలికి వదిలేస్తాం. పైగా, డ్రమ్స్ కోసం చేసిన ప్రీసెట్‌ని గొంతుకి వాడితే గేట్ వెంటనే మూసుకుని ముందు వాటినే మింగేస్తుంది. నేను హోల్డ్ (మాట ఆగాక గేట్ తెరిచి ఉంచే సమయం) 150 మిల్లీసెకన్లు, రిలీజ్ (మెల్లగా మూసుకోవడానికి పట్టే సమయం) 250 దగ్గర పెడతాను. కథ నెమ్మదిగా సాగే చోట రిలీజ్ ఇంకాస్త పెంచుతాను. మాట మొదట్లో వచ్చే హ, స, శ తెగుతుంటే అటాక్ (గేట్ తెరుచుకోవడానికి పట్టే సమయం) 2 మిల్లీసెకన్లకి తగ్గించండి. మరీ సున్నా చేస్తే టిక్ టిక్ అని వినిపించవచ్చు. మీ ప్లగిన్‌లో లుక్‌అహెడ్ (రాబోయే శబ్దాన్ని ముందే చూసి గేట్ తీసే సౌకర్యం) ఉంటే ఆన్ చేయండి. గేట్ టపటపా తెరుచుకుంటూ మూసుకుంటుంటే హిస్టెరిసిస్ (తెరుచుకునే, మూసుకునే స్థాయిల మధ్య తేడా) 4 లేదా 5 డీబీ ఇవ్వండి, ఆ వణుకు ఆగుతుంది.

ఎఫెక్టుల వరసలో గేట్ ముందు, కంప్రెసర్ (పెద్ద, చిన్న శబ్దాల తేడా తగ్గించేది) తర్వాత. కంప్రెసర్ వేసి లెవెల్ పెంచితే ఫ్యాన్ కూడా పైకొస్తుంది, అప్పుడు థ్రెషోల్డ్ పెట్టడానికి చోటే మిగలదు. గేట్‌కి ముందు 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకంటే లోతైన శబ్దాలని తగ్గించే ఫిల్టర్) వేస్తే లారీల గుర్రు కూడా గేటు తీయించలేదు.

ఇదంతా చేసినా, మైకుని నోటికి దగ్గరగా జరపడం కంటే గొప్ప ప్లగిన్ నాకు కనబడలేదు. దూరం సగం చేస్తే గొంతు సుమారు 6 డీబీ పెరుగుతుంది, ఫ్యాన్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పాప్ ఫిల్టర్ తప్పనిసరి. మే నెలలో ఫ్యాన్ ఆపమని చెప్పడం తేలికే, చెప్పినవాళ్లు వచ్చి కూర్చుంటే తెలుస్తుంది! గది ముందే చల్లబరుచుకుని, ఫ్యాన్ ఆపి, పేజీ పేజీగా చదవడం నాకు అలవాటైంది. కిటికీకి రజాయి కట్టండి. రాత్రి పదకొండు దాటాక మా వీధి కాస్త నెమ్మదిస్తుంది.

కీర్తనలు పాడేవాళ్లయితే గదిలో శ్రుతిపెట్టె మోగిస్తూ గేట్ వాడొద్దు. పల్లవికీ అనుపల్లవికీ మధ్య శ్రుతి తగ్గి, మళ్లీ లేచి, వినడానికి ఘోరంగా ఉంటుంది. శ్రుతి హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుని, దాన్ని వేరే ట్రాక్‌లో కలపండి.

ఓబీఎస్ అనే స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేర్‌లో లైవ్ చేసేవాళ్లకి రెండు థ్రెషోల్డ్‌లు కనిపిస్తాయి, ఓపెన్ మైనస్ 26, క్లోజ్ మైనస్ 32 అని. మెల్లగా మాట్లాడేవాళ్లకి అవి ఎక్కువ, రెండూ కిందికి దించండి. లైవ్‌లో తెగిన అక్షరం తిరిగి రాదు. మీలాగా రికార్డ్ చేసుకునేవాళ్లు మాత్రం గేట్ లేకుండానే రికార్డ్ చేసి, తర్వాత కాపీ మీద వేయండి. బయట ఎవరికైనా మిక్సింగ్‌కి ఇస్తుంటే ఆ గేట్ లేని ఫైలే పంపండి.