ఇల్లు సద్దుమణిగితేనే గుండె దడ ఎందుకు?

"నాన్న తాగుడు మానేసి 3 ఏళ్ళయింది, గొడవల్లేవు. అయినా సాయంత్రం ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే దడ" అని అడిగారు. ధ్యానం చేయమని మీకు ఈపాటికి నలుగురైనా చెప్పి ఉంటారు. ముందు ఆ సలహా పక్కన పెట్టండి.

విశాఖలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తుపాను కన్ను, అంటే గాలి ఉండని దాని నడిమి భాగం, మీదికి రాగానే హోరు తగ్గుతుంది. అయిపోయిందనుకుని బయటికొస్తే అంతే సంగతులు. కన్ను దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి అందుకుంటుంది, ఒక పక్కకి వాలిన చెట్టు రెండో పక్కకి విరుగుతుంది.

తాగి వచ్చే మనిషి ఉన్న ఇంట్లో సాయంత్రాలూ ఇంతే. టీవీ కట్టేస్తారు. అమ్మ గిన్నెలు చప్పుడవకుండా సర్దుతుంది. పిల్లలు పుస్తకం ముందేసుకుని గేటు గడియ కోసం చెవులు రిక్కిస్తారు. దెబ్బకంటే ముందొచ్చేది నిశ్శబ్దమే. వందల సాయంత్రాలు అలా గడిస్తే, చప్పుడు లేదంటే ఏదో రాబోతోందని మెదడు నేర్చేసుకుంటుంది. పైగా హాయిగా ఉన్నప్పుడు పడే దెబ్బ, బిగదీసుకుని ఉన్నప్పుడు పడేదానికన్నా గట్టిగా తగులుతుంది. అందుకే ఒళ్ళు వదులవదు. "ఇప్పుడంతా బాగానే ఉందిగా!" అనే చుట్టాలకి ఇది ఎక్కదు. పాత పాఠం చెరగదు, దాని మీద కొత్త పాఠం పడాలి.

రోజూ అదే వేళకి 2 నిమిషాలు కూర్చోండి. కళ్ళు తెరిచే ఉంచి, వీపు గోడకి ఆనించి, తలుపు కనబడేలా. 4 అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, 6 లెక్కపెడుతూ వదలండి. గేటు చప్పుడైనా లేచి చూడొద్దు. ఏమవుతుందనుకున్నారో, నిజంగా ఏమైందో రెండు ముక్కలు రాసుకోండి. వారానికి ఒక నిమిషం పెంచండి. మొదటిరోజే 20 నిమిషాలు కళ్ళు మూసుకుంటే కాపలా పోయినట్టనిపించి దడ పెరుగుతుంది. మధ్యలో లేచిపోతే "లేచాను కాబట్టి బతికాను" అన్నదే గట్టిపడుతుంది. టీవీ పెట్టుకుని చేసింది లెక్కలోకి రాదు.

మెడికల్ షాపులో డాక్టరు చీటీ లేకుండా ఆల్ప్రజోలం (ఆందోళన తగ్గించే మత్తు మాత్ర) కొనేవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. నిద్ర పడుతుంది, అలవాటూ పడుతుంది, హఠాత్తుగా ఆపితే దడ రెట్టింపు.

పీడకలలు నెల దాటినా తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే "ట్రామాకి ఎక్స్‌పోజర్ థెరపీ చేస్తారా?" అని ముందే అడగండి. అంటే పాత దెబ్బల వల్ల పట్టుకున్న భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవడం నేర్పే చికిత్స. ట్రామాకి ఏ చికిత్సా చేయనివాళ్ళయితే ధైర్యం చెప్పి, ఫీజు తీసుకుని పంపేయొచ్చు.