పీబీఎం లైసెన్సు మీ అమ్మాయి పేరున రాదు

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో ఫార్మ్-డి పూర్తిచేసింది. అమెరికాలో ఫార్మసిస్టు కావడానికి ప్రయత్నించాలా, లేక హైదరాబాద్‌లో ఒక శిక్షణ సంస్థ చెబుతున్న పీబీఎం కోర్సులో చేర్చాలా? అక్కడి రాష్ట్రాలు పీబీఎం లైసెన్సు తప్పనిసరి చేస్తున్నాయనీ, అది ఉన్నవారికి ఉద్యోగం ఖాయమనీ అంటున్నారు. ఫీజు లక్షా ఎనభై వేలు. ఆరేళ్ల చదువు వృథా అవుతుందేమోనని భయంగా ఉంది. - ఒక తండ్రి

జవాబు: ఆ లైసెన్సు కంపెనీ తీసుకోవలసినది, ఉద్యోగి తీసుకునేది కాదు. ఏ మందుకు బీమా వర్తిస్తుందో, అమ్మిన షాపుకు ఎంత చెల్లించాలో బీమా సంస్థల తరఫున తేల్చే కంపెనీని అమెరికాలో ఫార్మసీ బెనిఫిట్ మేనేజర్, అంటే పీబీఎం, అంటారు. ఆర్కాన్సా రాష్ట్రం 2018లో, ఫ్లోరిడా 2023లో చేసిన చట్టాల ప్రకారం బీమా నియంత్రణాధికారుల అనుమతి పొందవలసింది ఆ కంపెనీలే. మీ అమ్మాయి పేరున అలాంటి కాగితం ఏ రాష్ట్రమూ ఇవ్వదు. ఈ ఒక్క విషయం తప్పుగా చెప్పినవారి దగ్గర మిగతా పాఠాలు నేర్చుకోవడం క్షేమం కాదు.

అసలు ఈ చట్టాలు ఎందుకు వచ్చాయో చూడండి. ఆర్కాన్సాలో ఒక చిన్న ఊరి మందుల షాపు పది డాలర్లకు కొన్న మందుకు పీబీఎం తన ధరల జాబితా ప్రకారం ఎనిమిది డాలర్లే చెల్లిస్తే, అమ్మిన ప్రతిసారీ యజమాని రెండు డాలర్లు నష్టపోతాడు. అలాంటప్పుడు షాపు అప్పీలు చేసుకోవచ్చనీ, నష్టానికి అమ్మవలసి వస్తే ఆ మందు ఇవ్వడానికి నిరాకరించవచ్చనీ ఆ రాష్ట్రం 2015లోనే చట్టం చేసింది. పీబీఎంల సంఘం దావా వేయగా, 2020 డిసెంబరులో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఎనిమిది మందీ ఏకగ్రీవంగా రాష్ట్రం పక్షాన తీర్పునిచ్చారు. ఒహాయోలో 2018లో రాష్ట్ర ఆడిటర్ లెక్క తీస్తే, పేదల వైద్య పథకంలో పీబీఎంలు వసూలు చేసిన దానికీ షాపులకు చెల్లించిన దానికీ మధ్య ఏడాదిలో 22 కోట్ల డాలర్లకు పైగా తేడా వచ్చింది.

ఇంత పెద్ద వ్యవహారం కనుక పని ఉంటుంది; అది నేను కాదనను. నా సందేహమల్లా కోర్సు గురించే. పీబీఎంలపై ఓక్లహోమా రాష్ట్రం చేసిన చట్టంలోని కీలకమైన అంశాలను 2023లో అప్పీలు కోర్టు కొట్టివేసింది, ఆ కేసును వినడానికి 2025 జూన్‌లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పీబీఎంలు సొంతంగా మందుల షాపులు నడపరాదని ఆర్కాన్సా 2025లో చేసిన చట్టాన్ని ఆ జూలైలోనే ఫెడరల్ కోర్టు నిలిపివేసింది. నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉండి, కోర్టు తీర్పుతో మారిపోతుంటే, ఈ ఏడాది అచ్చువేసిన నోట్సు వచ్చే ఏడాదికి ఎంత పనికొస్తుంది? నిలిచేది మందుల పరిజ్ఞానమూ, చట్టం చదివి అర్థం చేసుకునే అలవాటూ. మొదటిది ఆమెకు ఇప్పటికే ఉంది. రెండోదానికి లక్షలు అక్కరలేదు, ఎందుకంటే ఆ చట్టాలూ తీర్పులూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

మీతో కొంచెం కటువుగానే మాట్లాడాలి. ఫీజు గురించి, ఉద్యోగం గురించి రాశారు గానీ, అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క వాక్యమైనా రాయలేదు. రోగులతో మాట్లాడటం ఇష్టపడే పిల్లను రోజంతా క్లెయిముల ముందు కూర్చోబెడితే, జీతం వచ్చినా ఆమె సంతోషంగా ఉండదు. ఆరేళ్లు చదివింది ఆమె; ఆ ఆరేళ్లను ఏ దారిలో పెట్టాలో ముందు ఆమెనే అడగండి.

చదువు వృథా కాలేదు, ఆ భయం వదిలేయండి. 2003 నుంచి పట్టా పొందిన విదేశీయులకు అమెరికా ఫార్మసిస్టు లైసెన్సు దారిలో కనీసం ఐదేళ్ల ఫార్మసీ చదువు కావాలి. నాలుగేళ్ల బీఫార్మసీకి మూసుకుపోయిన ఆ తలుపు మీ అమ్మాయికి తెరిచే ఉంది. వీసా, ఖర్చు, నిరీక్షణ అన్నీ ఉన్న దారి అది, కాబట్టి ఈ నెలలోనే తేల్చుకోనవసరం లేదు. పీబీఎం పనే నచ్చితే, ఆప్టమ్ వంటి సంస్థలకు హైదరాబాద్‌లోనే కార్యాలయాలున్నాయి. కోర్సు లేకుండానే దరఖాస్తు చేసి చూడవచ్చు.

ఆర్కాన్సా కేసులో 2020 తీర్పు నిడివిలో పెద్దది కాదు. ఈ వారం ఆమెను చదవమనండి. నచ్చిందో, విసుగనిపించిందో ఆమె నోటితో చెప్పేదాకా ఆ సంస్థకు ఒక్క వాయిదా కూడా కట్టకండి.