రేడియోలో ఆకారం కనిపిస్తుంటే వర్ణపటం ఎందుకు? బంగారం త్రాసు మీద మేము తూచిన రెండు గెలాక్సీలు

మీరు అడిగింది ఇది: "రేడియో టెలిస్కోపు బొమ్మలోనే గెలాక్సీ ఆకారం అంత స్పష్టంగా తెలుస్తుంటే, దగ్గరి రేడియో గెలాక్సీలను వర్గాలుగా విడదీయడానికి మామూలు కాంతిలో మళ్లీ వర్ణపటం ఎందుకు తీస్తారు?"

గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు ఇరవై రెండేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఆకారాన్ని నమ్ముకుని గెలాక్సీకి పేరు పెట్టడం నాకు మొదటినుంచీ నచ్చదు. రేడియో బొమ్మలో రెండు పక్కలా బుడగల్లా కనిపించేది కోట్ల ఏళ్లుగా పేరుకున్న పదార్థం. చుట్టూ ఉన్న వాయువు ఒత్తిడిని బట్టి కూడా దాని రూపం మారుతుంది. నడుమ ఉన్న కృష్ణబిలం ఇప్పుడు ఏం తింటోందో, ఎలా తింటోందో తెలియాలంటే దాని దగ్గరి వాయువు వెలుగునే రంగులుగా విడదీసి చూడాలి. అలా విడదీసిన పట్టీయే వర్ణపటం, అందులో ఒక్కో మూలకం తన తన రేఖల్లో కనిపిస్తుంది. మా మిరప యార్డులో బస్తా పొడవు చూసి ఎవరూ ధర కట్టరు. గుప్పెడు కాయలు బయటికి తీసి, రంగు చూసి, తాలు ఎంత ఉందో చూశాకే బేరం మొదలవుతుంది.

ఈ సంగతి నా విద్యార్థులకు బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. ఎక్కింది పట్నంబజారులోని ఒక బంగారం కొట్టులో.

నాలుగేళ్ల కిందట ఆఖరి సంవత్సరం పిల్లలు ఐదుగురు ప్రాజెక్టు కోసం వచ్చారు. ఆకాశాన్ని పెద్దఎత్తున సర్వే చేసిన స్లోన్ సర్వే వారు లక్షల గెలాక్సీల వర్ణపటాలను ఎవరైనా చూసుకునేలా ఉచితంగా పెట్టారు కదా, అందులోంచి రెండు రేడియో గెలాక్సీలు తీసుకున్నాం. రేఖల బలాన్ని కంప్యూటర్ క్షణంలో కొలిచి ఇస్తుంది. నేను వద్దన్నాను. వర్ణపటాన్ని పెద్దదిగా అచ్చు వేయించి, ఒక్కో రేఖ శిఖరాన్ని కత్తెరతో కత్తిరించి, ఆ కాగితం ముక్కను తూచమన్నాను. కాగితం మందం అంతటా ఒకటే కాబట్టి బరువే వైశాల్యం, వైశాల్యమే రేఖ బలం. చేతిలో పట్టుకున్న సంఖ్యను పిల్లలు మర్చిపోరు.

కాలేజీలో మంచి త్రాసు ఉంది. కానీ అది బీరువాలో ఉంది, తాళం సెలవులో ఉన్న మనిషి దగ్గర ఉంది. పరికరాలు పాడవుతాయని దాచిపెట్టడం మన ప్రయోగశాలలకు పట్టిన జబ్బు. వాడక పాడైన పరికరాలే నేను ఎక్కువ చూశాను. చివరికి ఒక అమ్మాయి, "సార్, మా పెదనాన్న కొట్టులో మిల్లీగ్రాము దాకా చూపే త్రాసు ఉంది" అంది.

వెళ్లాం. ఆయన ముక్కను పట్టకారుతో అందుకుని పళ్లెంలో పెట్టి, "మాస్టారూ, ఫ్యాను ఆపకపోతే ఇది నిలవదు" అన్నారు. ఫ్యాను ఆపించి అద్దం తలుపు మూశారు. మే నెల, అందరం చెమటలు కక్కుతూ ఆ చిన్న ఎర్ర అంకెలనే చూస్తున్నాం. మొదటి గెలాక్సీలో 5007 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం దగ్గరి ఆక్సిజన్ రేఖ 92 మిల్లీగ్రాములు. ఇది రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్ అయాన్‌ది. దాని పక్కనే ఉండే 4959 రేఖ 31. ఈ రెండూ ఒకే అయాన్‌లో ఒకే పై స్థాయి నుంచి పుడతాయి కాబట్టి ఏ గెలాక్సీలోనైనా వాటి నిష్పత్తి మూడుకు దగ్గరగా ఉండాలి. ఆ అమ్మాయి ఫోనులో భాగించి 2.97 అని గట్టిగా చదివింది. పెదనాన్నగారికి విషయం తెలియకపోయినా ముఖం వెలిగింది.

హైడ్రోజన్ బీటా రేఖ 9 మిల్లీగ్రాములు. అంటే ఆక్సిజన్ దానికి పదింతలు. హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్‌ను లాగడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. ఆక్సిజన్ నుంచి రెండో ఎలక్ట్రాన్‌ను లాగాలంటే 35 కావాలి. నైట్రోజన్, సల్ఫర్ రేఖలు కూడా చూసి ఇది నక్షత్రాల పని కాదని తేల్చుకున్నాం. కృష్ణబిలం చుట్టూ తిరిగే వాయువు పళ్లెం ధగధగ వెలుగుతూ తీక్ష్ణమైన కాంతిని కుమ్మరిస్తోందన్నమాట. ఇది అధిక ఉత్తేజ గెలాక్సీ. పేరున్న రేడియో గెలాక్సీ సిగ్నస్ ఎ ఈ కుటుంబానిదే.

రెండో గెలాక్సీ దగ్గర పిల్లలు తప్పటడుగు వేశారు. బీటా ఉండాల్సిన చోట శిఖరం లేదు, చిన్న గుంట ఉంది. "బీటా సున్నా, కాబట్టి నిష్పత్తి అనంతం, ఇది ఇంకా అధిక ఉత్తేజం" అని పుస్తకంలో రాసేశారు. ఆ గుంట ముసలి నక్షత్రాలది. వాటి శోషణ రేఖ వాయువు వెలుగును మింగేసింది. ఏ అలజడీ లేని మామూలు దీర్ఘవృత్త గెలాక్సీ వర్ణపటాన్ని అదే కొలతకు తెచ్చి, ఇందులోంచి తీసివేయమన్నాను. రాత్రంతా కూర్చుని తీసివేశారు. మర్నాడు మళ్లీ కొట్టుకు వెళ్తే బీటా 4, ఆక్సిజన్ 9. రెండింతలు దాటి కొంచెం. హైడ్రోజన్ ఆల్ఫా కంటే పక్కనున్న నైట్రోజనే ఎత్తుగా ఉంది. ఇది అల్ప ఉత్తేజం, ఎం 87 అనే గెలాక్సీ లాంటిది. ఇక్కడ కృష్ణబిలానికి ఆహారం కొద్దికొద్దిగా అందుతుంది, పళ్లెం పెద్దగా వెలగదు, శక్తి చాలావరకు జెట్ల దారిన, అంటే నడుమ నుంచి రెండు వైపులా చిమ్మే సన్నని ధారల్లో, పోతుంది. ఎక్కువమంది ఒప్పుకుంటున్న వివరణ ఇదే.

ఈ తేడాను 1979లోనే హైన్, లాంగెయిర్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు గుర్తించారు. తరవాత ఒక ఇటలీ బృందం కేంబ్రిడ్జి వారి రేడియో మూలాల జాబితా 3సిఆర్‌లో 0.3 కంటే తక్కువ రెడ్ షిఫ్ట్ ఉన్న, అంటే మనకు కాస్త దగ్గరగా ఉన్న, 113 రేడియో మూలాలను తీసుకుని, దాదాపు అన్నిటికీ వర్ణపటాలు సమకూర్చి 2009, 2010లలో ప్రచురించింది. రకరకాల రేఖల నిష్పత్తులు కలిపి ఒక్క సూచిక కడితే గెలాక్సీలు రెండు గుంపులుగా విడిపోయాయి. 1974లో ఫానరాఫ్, రైలీ రేడియో బొమ్మలను బట్టి రెండు ఆకారాల వర్గాలు చెప్పారు: మొదటిది నడిమికి దగ్గరగా ఎక్కువ వెలిగేది, రెండోది కొసల దగ్గర ఎక్కువ వెలిగేది. వాటితో ఈ గుంపులు సరిగ్గా కలవవు. అధిక ఉత్తేజం ఉన్నవి రెండో ఆకారంలోనే ఉన్నాయి, అల్ప ఉత్తేజం ఉన్నవి మాత్రం రెండు ఆకారాల్లోనూ ఉన్నాయి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? పాఠాల్లో ముందు వర్ణపటం చెప్పి, ఆకారం తరవాత చెప్పాలన్నది నా పట్టుదల.

నాకు అసలు బాధ వేరే ఉంది. ఇక్కడి పిల్లలు హైడ్రోజన్ రేఖల లెక్క చెప్పే బామర్ సూత్రాన్ని నిద్రలో లేపి అడిగినా చెబుతారు, హైడ్రోజన్ ఆల్ఫా రేఖను కళ్లతో చూసినవారు మాత్రం తరగతికి ఇద్దరు ఉండరు. అదీ గుంటూరులో! 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త వచ్చింది ఈ ఊరికే. సూర్యుని అంచున లేచే జ్వాలల్లో హైడ్రోజన్ రేఖలు మెరుస్తుంటే ఆయన స్పెక్ట్రోస్కోపులో చూశాడు. మర్నాడు గ్రహణం లేకుండానే మళ్లీ చూశాడు. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు రేఖే తరవాత హీలియంగా తేలింది. ఈ మాట చెబితే ఆ ఐదుగురూ నోరు తెరిచి విన్నారు. అంతవరకు వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఆ ముక్కలన్నీ పెదనాన్నగారు ముక్కుపుడకలు వేసి ఇచ్చే చిన్న కవర్లలో పెట్టి, ఒక్కోదాని మీద బరువు రాసి ఇచ్చారు. ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉన్నాయి. మీరూ ఒక వర్ణపటం అచ్చు వేసి ప్రయత్నించండి. ముందు నక్షత్రాల వెలుగు తీసివేయండి, తరవాతే కత్తెర పట్టండి. 4959 ముక్క 5007 ముక్కలో మూడో వంతు తూగకపోతే కత్తిరింపులో తేడా ఉన్నట్టే, మళ్లీ మొదలుపెట్టండి.