అమ్మకు మందు వికటించింది, ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: మాది ఆమదాలవలస. అమ్మకు ఫిట్స్ వస్తే శ్రీకాకుళంలో ఒక ఆస్పత్రిలో చూపించాం, ఫెనిటాయిన్ మాత్రలు రాశారు. మూడో వారంలో జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు, నోరంతా పూసేసింది. భయపడి విశాఖ తీసుకెళ్తే ఆ మాత్ర ఆపి, వేరేది ఇచ్చి, ఆస్పత్రిలో ఉంచుకుని తగ్గించారు. మందు పడలేదన్నారు గానీ కాగితాల్లో ఆ మాటే లేదు. మొదటి డాక్టరు మీద కంప్లయింట్ ఇవ్వాలా?

జవాబు: ముందు అమ్మగారి సంగతి. ఫెనిటాయిన్ ఆవిడ ఇక ఎప్పుడూ వేసుకోకూడదు. కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్ కూడా దాదాపు అదే కోవలోవి, వాటితోనూ మళ్లీ ఇలాగే అయ్యే ప్రమాదం ఉంది. అలాగని ఫిట్స్ మందే మానేయొద్దు, ఇప్పుడు రాసిచ్చింది తప్పకుండా వాడాలి. విశాఖ ఆస్పత్రికి మళ్లీ వెళ్లయినా సరే, డిశ్చార్జి సమ్మరీలో మందు పేరుతో సహా జరిగింది రాయించండి. రేపు ఇంకో డాక్టరు చూసేది ఆ కాగితమే.

ఇక కంప్లయింట్. సరైన మందు సరైన డోసులో ఇచ్చినా కొందరికి ఇలా అవుతుంది, కాబట్టి ఇందులో డాక్టరు తప్పు ఉందని అనుకోనక్కర్లేదు. మీరు ఇవ్వాల్సింది రిపోర్టు. 2010 నుంచి మన దేశంలో దీనికోసమే ఫార్మకోవిజిలెన్స్, అంటే మందుల చెడు ప్రభావాలమీద కన్నేసి ఉంచే కార్యక్రమం నడుస్తోంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని చూసుకుంటుంది. రిపోర్టు ఇచ్చినంత మాత్రాన ఎవరూ తప్పు ఒప్పుకున్నట్టు కాదు. మందు వల్లే అయిందని రుజువు చూపించక్కర్లేదు, అనుమానం ఉంటే చాలు.

నన్ను బాధపెట్టేది ఏమిటంటే, ఇలాంటి రియాక్షన్లు వారాల తర్వాత బయటపడతాయి, అప్పటికి పేషెంటు వేరే ఊళ్లో వేరే ఆస్పత్రిలో ఉంటారు. మందు రాసిన డాక్టరుకు సంగతే తెలియదు, వైద్యం చేసినవాళ్లేమో మనం రాసిన మందు కాదు కదా అని వదిలేస్తారు, అలా ఎక్కడా నమోదు కాకుండానే పోతుంది. నిజానికి ఎవరైనా పంపొచ్చు, నర్సు గానీ ఫార్మసిస్టు గానీ. నెలసరి నొప్పికి వాడే మెఫెనమిక్ యాసిడ్ మీద 2023 చివర్లో హెచ్చరిక వచ్చిందంటే ఇలాంటి రిపోర్టులు చేరబట్టే.

మన జిల్లా ఆస్పత్రులవాళ్లకు ఒక మాట. ఈ రిపోర్టు ఫారాలు సూపరింటెండెంట్ గదిలో కాదు, వార్డులో నర్సు టేబుల్ మీద ఉంచండి. ఏ వార్డు రిపోర్టు ఎవరు పంపాలో పేరు పెట్టి అప్పగించండి. పంపినవాళ్లకు ఆ రిపోర్టు ఏమైందో తిరిగి చెప్పండి, చెప్పకపోతే రెండోసారి ఎవరూ రాయరు.

మీరు మాత్రం పాత స్ట్రిప్ పారేయకండి, బ్యాచ్ నంబరు దానిమీదే ఉంటుంది. మందు మొదలుపెట్టిన తేదీ, దద్దుర్లు కనపడిన తేదీ రాసి పెట్టుకుని 1800-180-3024కి ఫోన్ చేయండి, టోల్‌ఫ్రీ నంబరే, పనిదినాల్లో ఆఫీసు వేళల్లో ఎత్తుతారు. పేషెంట్లు నింపే ఫారం తెలుగులోనూ ఉంది. అమ్మగారి పూర్తి పేరు కూడా అక్కర్లేదు, పొడి అక్షరాలు చాలు.