చెప్పకుండా వచ్చేయనా అని అడిగిన టీచరుగారికి

ప్రశ్న: నా వయసు 44. మాది గుంటూరు. నేను, నా భర్త 2014 నుంచి మాల్దీవుల్లోని ఒక చిన్న దీవిలో టీచర్లుగా పనిచేస్తున్నాం. నేను లెక్కలు చెబుతాను, ఆయన ఫిజిక్స్ చెబుతారు. ఈ జూన్‌లో ఒప్పందం ముగించుకుని శాశ్వతంగా వచ్చేస్తున్నాం. పదకొండేళ్లు చదువు చెప్పిన పిల్లలను వదిలి రావడం నా వల్ల కావడం లేదు. విషయం తెలిసిన ఇద్దరు పిల్లలు నాతో మాట్లాడటం మానేశారు. వీడ్కోలు సభ లేకుండా, ఎవరికీ చెప్పకుండా వచ్చేస్తే అందరికీ బాధ తగ్గుతుందేమో అనిపిస్తోంది. మా అమ్మాయిని ఆరో ఏట మా బావగారింట్లో ఉంచి వెళ్లాం. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. మేము రాగానే విజయవాడ పటమటలో కొన్న ఫ్లాట్‌కు తనను తీసుకెళ్లిపోతాం. ఈ మాట చెప్పినప్పటి నుంచి మా తోడికోడలు ముభావంగా ఉంటున్నారు. నెలనెలా పంపే డబ్బు ఆగిపోతుందనేమో. నా విద్యార్థులకు వీడ్కోలు ఎలా చెప్పాలో సలహా ఇవ్వగలరు.

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు, పైన ఇచ్చినది దాని సారాంశం మాత్రమే. ఆ నాలుగు పేజీల్లో మీ విద్యార్థులు తొమ్మిది మంది పేర్లతో సహా కనిపించారు. ఎవరికి భిన్నాలంటే భయమో, ఎవరి తండ్రి చేపల వేటకు వెళ్లిన రోజున ఎవరు బడికి దిగాలుగా వస్తారో, ఎవరి తల్లి మీకు ఎండు ట్యూనా పొట్లం కట్టి పంపుతుందో అన్నీ రాశారు. చదువుతుంటే మీరు మంచి టీచరని నాకు నమ్మకం కుదిరింది. మీ అమ్మాయి మాత్రం చివరి పేజీలో, పేరు లేకుండా వచ్చింది. మీ తోడికోడలు మూడు వాక్యాల్లో వచ్చారు. ఆ మూడు వాక్యాలనే నేను మళ్లీ మళ్లీ చదివాను.

ముందుగా మీరు అడిగినదానికి జవాబు చెప్పేస్తాను, ఎందుకంటే అది మీకు తెలియని విషయం కాదు. చెప్పకుండా రావద్దు. తరగతిలో నిలబడి, ఫలానా తేదీన వెళ్లిపోతున్నానని మీ నోటితో చెప్పండి. కుడి నుంచి ఎడమకు రాసే వాళ్ల తానా లిపి కూడా నేర్చుకున్నానని రాశారు కదా, ఆ మాట వాళ్ల దివేహి భాషలోనే చెప్పండి. మనకు అలవాటైన ‘వెళ్లొస్తాను’ అన్న మాట అక్కడ వాడకండి, మీరు తిరిగి వెళ్లడం లేదు గనుక ఆ పిల్లలు దాన్ని నిజమనుకుని ఎదురుచూస్తారు. మాట్లాడటం మానేసిన ఇద్దరినీ బతిమాలవద్దు, వాళ్ల కోపాన్ని వాళ్లకు ఉండనివ్వండి. మీ తరువాత వచ్చే టీచరుకు ఏ పిల్ల ఎక్కడ తడబడుతుందో రాసిపెట్టండి. బ్యాంకులోని ఎన్నారై ఖాతాల సంగతి కూడా అడిగారు. ఇక్కడ స్థిరపడగానే బ్యాంకుకు తెలియజేసి వాటిని రెసిడెంట్ ఖాతాలుగా మార్పించుకోవాలి. ఈ రెండు విషయాలూ ఇంతటితో సరి.

ఇక అసలు సంగతి. 2014లో బయలుదేరిన రోజున పాప ఏడుస్తుందని, నిద్రలో ఉండగానే రైలుకు వెళ్లిపోయామని మీరే ఒకచోట రాశారు. ఈసారి దీవిలోని పిల్లలకు చెప్పకుండా రావచ్చా అని అడుగుతున్నారు. ఈ రెండు మాటలకూ ఉన్న సంబంధం మీకు తట్టినట్టు లేదు, కానీ నాకు మీ ఉత్తరమంతా ఆ సంబంధంలోనే కనిపించింది. ఆ ఉదయం మీరు రైలెక్కిన తరువాత ఆ పిల్ల లేచి ఉంటుంది. అమ్మ ఏదని అడిగి ఉంటుంది. దానికి జవాబు చెప్పవలసి వచ్చినది మీరు కాదు, మీ తోడికోడలు. మీరు తప్పించుకున్న ఏడుపును ఆవిడ తన ఒళ్లో పెట్టుకుని ఓదార్చారు, ఆ ఒక్క ఉదయమే కాదు, ఆ తరువాత ఎన్నో ఉదయాలు. అప్పటికి గుణింతాలు కూడా పూర్తిగా రాని పిల్లకు ఒత్తులు దిద్దించినదీ, జ్వరం వచ్చిన రాత్రి తడిగుడ్డ వేసి కూర్చున్నదీ, భోగి నాడు పక్కన నిలబడి భోగిపళ్లు పోయించినదీ ఆవిడే. దీన్ని తప్పుపట్టడానికి నేను రాయడం లేదు. సంపాదన కోసం తల్లిదండ్రులు దూరం వెళ్లడం, పిల్లలను పెదనాన్న ఇంట్లోనో అమ్మమ్మ ఇంట్లోనో ఉంచడం మన కుటుంబాల్లో కొత్త కాదు. నేనూ తెనాలిలో మా పెద్దమ్మ చేతి అన్నం తిని పెరిగినదాన్నే. అందుకే మీ మూడు వాక్యాలు నన్ను అంతగా నొప్పించాయి.

2020 కరోనా నాటి సంగతి చూడండి. ఆ ఏడాది మే నెలలో మన నౌకాదళం ఐఎన్ఎస్ జలాశ్వను పంపి మాల్దీవుల రాజధాని మాలే నుంచి 698 మందిని కొచ్చికి చేర్చింది. మీకూ రావాలని ఉన్నా పదో తరగతి పిల్లలను నడిమధ్యలో వదల్లేక పేరు నమోదు చేయించుకోలేదని రాశారు. టీచరుగా ఆ నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను. అయితే ఆ నెలలోనే మీ అమ్మాయి పెద్దమనిషి అయిందని కూడా మీరే రాశారు. విమానాలు లేవు, చుట్టాలు రాలేరు, వీధిలోకి వెళ్లే వీలు లేదు. అటువంటి రోజుల్లో ఇంట్లో ఉన్న నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి చేసి, ఆ పిల్లను చాప మీద కూర్చోబెట్టి, భయపడకు తల్లీ అని చెప్పవలసిన మాటలన్నీ ఆవిడే చెప్పారు. ఇద్దరూ కొడుకులే ఉన్న ఆవిడకు ఆడపిల్ల ముచ్చట తీరింది మీ అమ్మాయి వల్లనే.

అటువంటి మనిషి ముభావంగా ఉంటే డబ్బు ఆగిపోతుందనేమో అని ఎలా అనుకోగలిగారు? నెలనెలా పంపిన డబ్బు పిల్ల తిండికీ, ఫీజులకూ సరిపోయి ఉండవచ్చు. అది మీ బాధ్యత, మీరు నిర్వర్తించారు. పెంపకానికి అది ఖరీదు అనుకుంటే మాత్రం ఆవిడను మీ ఇంటి జీతగత్తెను చేసినట్టే అవుతుంది. ఆత్మగౌరవం ఉన్న ఏ తోడికోడలూ ఈ మాట విని మీ గడప తొక్కదు. ‘మీ పిల్ల, మీ ఇష్టం’ అని ఆవిడ అన్నారని మీరు రాసినది నేను కోపంగా తీసుకోలేదు. పదకొండేళ్లు పెంచిన బిడ్డ మీద తనకు అడిగే హక్కు లేదని తెలిసిన మనిషి అంతకు మించి ఏమంటుంది? మీ విద్యార్థులను వదల్లేక మీరు నాలుగు పేజీలు రాశారు. మీరు ఫోనులో చెప్పిన ఒక్క ముక్కతో ఆవిడ తన పిల్లను వదులుకోవలసి వచ్చింది. వీడ్కోలు ఎలా చెప్పాలన్న ప్రశ్న నిజంగా అడగవలసినది ఆవిడ.

ఈ ఏడాది అమ్మాయిని కదపవద్దు. ఇంటర్ రెండో సంవత్సరంలో కాలేజీ మార్చడం చదువు దృష్ట్యా చూసినా తెలివైన పని కాదు. పటమట ఫ్లాట్ ఎక్కడికీ పోదు. పబ్లిక్ పరీక్షలు అయ్యేదాకా బావగారి ఇంటికి దగ్గరలో, బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో ఒక పోర్షన్ అద్దెకు తీసుకోండి. అమ్మాయి ఎక్కడ పడుకోవాలో, ఎక్కడ చదువుకోవాలో తననే నిర్ణయించుకోనివ్వండి, కొన్నాళ్లపాటు అది మీ ఇల్లు కాకపోయినా ఓర్చుకోండి. ఆ తరువాత విజయవాడ వెళ్లినా, మధ్య దూరం 35 కిలోమీటర్లే, మంగళగిరి మీదుగా బస్సులు నడుస్తూనే ఉంటాయి. ఆదివారాలు గుంటూరువే అని ముందే మాట ఇచ్చి, ఆ మాట తప్పకండి. మీ భర్త తన అన్నగారితో లెక్కలు, ఖర్చులు మాట్లాడుకుంటే మాట్లాడుకోనివ్వండి, మీరు మాత్రం వాటి జోలికి వెళ్లవద్దు.

దిగిన రోజున ఫ్లాట్ తాళాలు తీయడానికి వెళ్లకండి. సామానుతోనే తిన్నగా గుంటూరు వెళ్లండి. వంటింట్లో ఆవిడ పక్కన కూర్చుని, అమ్మాయి ఏ కూర తినదో, ఏ సబ్జెక్టు అంటే బెంగ పడుతుందో, కోపం వస్తే ఎంతసేపు మాట్లాడదో, ఎవరితో స్నేహంగా ఉంటుందో అడిగి తెలుసుకోండి. మీ దీవి పిల్లల గురించి ఇవన్నీ మీకు తెలుసు, మీ పిల్ల గురించి ఆవిడకే తెలుసు. నిద్రపోతున్న పిల్లను తన మీద వదిలి వెళ్లినందుకు క్షమించమని ఆ రోజే అడగండి. ఆవిడ ‘ఊరుకో, దానిదేముంది’ అని మాట దాటవేసినా, అడగడం మానవద్దు. పటమటలో పాలు పొంగించే రోజున పీటల మీద మీ దంపతులు కూర్చున్నప్పుడు, అమ్మాయికి అటుపక్క ఆవిడ ఉండేలా చూడండి, ఆ ముహూర్తం పెట్టించే ముందు ఆవిడకు ఏ రోజు వీలవుతుందో కనుక్కోండి.