బిల్లు మీద ఏ పేరు ఉండాలి?

ప్రశ్న: పచ్చళ్లు, పొడులు, స్వీట్ల కంపెనీలకు లేబుళ్లు, ప్యాకెట్లు డిజైన్ చేస్తాను. నెలకు సగటున రూ.65 వేలు వస్తాయి. మంచి పేరుంటేనే పెద్ద క్లయింట్లు వస్తారంటూ ఒక ఏజెన్సీ పేరు, లోగో, ప్రైవేట్ లిమిటెడ్ రిజిస్ట్రేషన్ కలిపి రూ.80 వేలు అడుగుతోంది. నా పొదుపు రూ.1.2 లక్షలు. పెట్టొచ్చా? - ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇప్పుడే వద్దండి. ఆ డబ్బు ఇచ్చేస్తే మీ చేతిలో మిగిలేది రూ.40 వేలు. ఒక్క క్లయింటు రెండు నెలలు బిల్లు ఆపినా ఇంటి ఖర్చులకు అప్పు చేయాలి. మీకు పని తెచ్చేది షాపు అరలో కనిపించే మీ ప్యాకెట్టే.

పేరు నిజంగా ఇబ్బంది పెట్టేది మరోచోట. క్లయింటు అకౌంట్స్ వాళ్లు మూడు పేర్లు సరిచూస్తారు: బిల్లు మీదిది, ప్యాన్ కార్డులోది, క్యాన్సిల్డ్ చెక్కు మీదిది. బిల్లులో మీరు పెట్టుకున్న స్టూడియో (వ్యాపారం) పేరు, చెక్కు మీద మీ పేరు ఉంటే చెల్లింపు అక్కడే ఆగుతుంది. స్టూడియో పేరున చెక్కు రాసిస్తే అది మీ సేవింగ్స్ ఖాతాలో జమ కాదు. అందుకే బిల్లు పైన స్టూడియో పేరు, దాని కిందే ‘ప్రొప్రైటర్’ అని ప్యాన్‌లో ఉన్నట్టే మీ పేరు వేయండి. సొంత వ్యాపారానికి వేరే ప్యాన్ ఉండదు. టీడీఎస్ (క్లయింటు బిల్లులో ముందే కోసి కట్టే పన్ను) మీ ప్యాన్ మీదే జమవుతుంది. ప్యాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు.

మన దగ్గర ఇంకో చిక్కు ఇంటిపేరు. ఆధార్‌లో పొడి అక్షరం, ప్యాన్‌లో పూర్తి ఇంటిపేరు, పెళ్లయ్యాక బ్యాంకులో అత్తింటి పేరు... ఇలా మూడు చోట్లా మూడు రకాలుగా ఉంటుంది. లోగో కంటే ముందు ఇది సరిచేయించుకోండి. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్‌లోనూ ఆధార్, ప్యాన్ వివరాలు పోల్చి చూస్తారు.

ఉద్యమ్‌కు ప్రభుత్వ పోర్టల్‌లో పైసా ఫీజు లేదు. స్టూడియో పేరున కరెంట్ ఖాతాకు బ్యాంకులు మామూలుగా రెండు ఆధారాలు అడుగుతాయి. ఉద్యమ్ ఒకటి, షాప్స్ చట్టం కింద లేబర్ రిజిస్ట్రేషన్ రెండోది. ఖాతా కోసమని జీఎస్టీ మాత్రం తీసుకోకండి. సేవలకు ఏడాదికి రూ.20 లక్షలు దాటితేనే అది తప్పనిసరి, మీది రూ.7.8 లక్షలు. తీసుకుంటే పని లేని నెలలకూ రిటర్న్ వేయాలి. జీఎస్టీ లేని చిన్న పచ్చళ్ల వ్యాపారికి మీ బిల్లు 18 శాతం పెరుగుతుంది, ఆ పన్ను అతనికి తిరిగి రాదు.

ప్రైవేట్ లిమిటెడ్‌కు ఇద్దరు సభ్యులు కావాలి. ఆదాయం సున్నా అయినా ఏటా ఆడిట్ తప్పదు. అందులో పడిన డబ్బు కంపెనీది. జీతంగానో డివిడెండ్‌గానో తీసుకోవాలి. రిజిస్టర్ చేయకుండా పేరు చివర ‘ప్రైవేట్ లిమిటెడ్’ అని తగిలిస్తే రోజుకు రూ.500 నుంచి రూ.2,000 దాకా జరిమానా.

మరో డిజైనర్‌ని పెట్టుకుని, మీరు లేకపోయినా స్టూడియోకే పని వచ్చే రోజున పేరుకు విలువ వస్తుంది. అప్పుడు ట్రేడ్‌మార్క్‌కు (పేరు మీద హక్కు నమోదుకు) దరఖాస్తు వేయండి. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకు (సరుకుల, సేవల వర్గానికి) రూ.4,500, డిజైన్ సేవలకు 42వ క్లాసు. పేరు ఖాయం చేసుకునే ముందే ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకండి. ‘విజయవాడ లేబుల్ డిజైన్స్’ లాంటివి వద్దు. ఊరినీ పనినీ మాత్రమే చెప్పే పేర్లను సాధారణంగా తిరస్కరిస్తారు. దరఖాస్తు చేశాక ‘టీఎం’ వాడొచ్చు. వలయంలో ఆర్ గుర్తు మాత్రం సర్టిఫికెట్ చేతికొచ్చాకే.