పోర్టికో స్తంభాలకు, హాల్లో కార్నిస్‌కు పాత రోమన్ కొలతలు పనికొస్తాయా?

మీరు అడిగినది క్లుప్తంగా: ఊరి శివారులో డూప్లెక్స్ కడుతున్నారు. స్లాబు ఎత్తు 10 అడుగులు. పోర్టికోకు గుండ్రటి స్తంభాలు, హాల్లో పీఓపీ కార్నిస్ (గోడ, సీలింగ్ కలిసే చోట నడిచే పట్టీ), తలుపుల చుట్టూ చెక్క పట్టీలు పెట్టాలనుకుంటున్నారు. గ్రీకు, రోమన్ కట్టడాల కొలతలు ఇంత చిన్న ఇంటికి వర్తిస్తాయా, అవి రాజభవనాలకేనా అన్నది మీ సందేహం.

నిక్షేపంగా వర్తిస్తాయి. హనుమకొండలో మా ఇల్లు కట్టించినప్పుడు లోపలి కార్నిస్, స్కర్టింగ్, తలుపుల పట్టీలు అన్నీ ఆ లెక్కతోనే చేయించాను. స్తంభాలు మాత్రం వద్దనుకున్నాను. దానికి కారణం కూడా ఆ లెక్కే.

ఈ పద్ధతిలో అంగుళాలతో మొదలుపెట్టరు. స్తంభం అడుగున ఉండే వ్యాసం ఒక్కటే కొలమానం, మిగతావన్నీ దాని రెట్లు లేదా భిన్నాలు. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రాసిపెట్టిన సూత్రాలను 1562లో ఇటలీకి చెందిన విన్యోలా మేస్త్రీలకు కూడా అందేలా తేలిక చేశాడు. మొత్తం ఎత్తును 19 భాగాలు చేయాలి. కింద దిమ్మెకు 4, స్తంభానికి 12, దాని మీద కూర్చునే దూలం, కార్నిస్ వగైరాలకు 3. దిమ్మె లేకపోతే ఎత్తును 5 భాగాలు చేసి స్తంభానికి 4, పై భాగానికి 1. ఇక స్తంభం ఎత్తు దాని వ్యాసానికి ఎన్ని రెట్లు ఉండాలన్నది శైలిని బట్టి మారుతుంది: టస్కన్‌కు 7, డోరిక్‌కు 8, అయోనిక్‌కు 9, ఆకుల చెక్కడం ఉండే కొరింథియన్‌కు 10.

మీ పోర్టికో సంగతి చూద్దాం. నేల నుంచి స్లాబు అంచు పై వరకు 10 అడుగులు, అంటే 120 అంగుళాలు అనుకోండి. స్తంభానికి 96, పై భాగానికి 24. బీము, స్లాబు మందం ఆ 24లోనే కలిసిపోతాయి. టస్కన్ అయితే 96ను 7తో భాగించాలి, అడుగున దాదాపు 14 అంగుళాల వ్యాసం వస్తుంది. స్తంభం నిలువునా ఒకే లావు ఉండకూడదు. కింది మూడో వంతు వరకు నిటారుగా వెళ్లి, అక్కడి నుంచి మెల్లగా సన్నబడాలి. పైకి చేరేసరికి అడుగు వ్యాసంలో ఆరింట ఐదు వంతులు మిగిలితే చాలు, మీ విషయంలో సిమెంటు పూతతో కలిపి పైన 12 అంగుళాలు. లోపలి కాంక్రీటు ఎంత ఉండాలో స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పిందే ఖాయం. అందం కోసం దాన్ని తగ్గించే మాట ఎవరన్నా వినకండి. అవసరమైతే మొత్తం స్తంభాన్నే లావు చేయండి.

మన కాలనీల్లో ఎక్కువగా కనిపించేది వేరు. రెండంతస్తుల ఎత్తున, పూతతో కలిపి అడుగు లావు కూడా దాటని స్తంభం, దాని నెత్తిన అచ్చులో పోసి తెచ్చిన కొరింథియన్ క్యాపిటల్, అంటే స్తంభం తల. 20 అడుగుల ఎత్తుకు స్తంభం వాటా 16 అడుగులు. అన్నిటికన్నా సన్నని కొరింథియన్ లెక్కన చూసినా 19 అంగుళాల వ్యాసం కావాలి. అడుగు లావుతో పోతే ఎత్తు వ్యాసానికి 16 రెట్లు అవుతుంది. పందిరి గుంజకు కిరీటం పెట్టినట్టు ఉంటుంది. ఆ క్యాపిటల్ తీసేసినా ఇల్లు సగం బాగుపడుతుంది.

లావు సరిపోయినా చాలాచోట్ల బెసికే చోటు ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. స్తంభం మీది బీము ముఖం, స్తంభం పైభాగపు సన్నని మెడతో ఒకే వరుసలో ఉండాలి. క్యాపిటల్ పలక మాత్రమే ఆ వరుస దాటి బయటికి రావాలి. మనవాళ్లు 9 అంగుళాల బీమును 12 అంగుళాల మెడ మీద మధ్యలో కూర్చోబెడతారు. రెండువైపులా అంగుళంన్నర చొప్పున మెడే బయటికి ఉంటుంది, దాని మీద క్యాపిటల్ ఇంకా ముందుకు వస్తుంది. కింద నుంచి చూస్తే స్తంభం దేన్నీ మోయనట్టు, క్యాపిటల్ పైన ఖాళీ అరుగు ఉన్నట్టు కనిపిస్తుంది. మందు సులువే: బీముకు ఇటుక ముక్కలో, మెష్ కొట్టి మందపు పూతో వేసి వెడల్పు 12 అంగుళాలకు తేవాలి. సెంట్రింగ్ దశలోనే చెబితే బీమునే 12 అంగుళాలు పోస్తారు. వీలైతే హైదరాబాద్ కోఠిలో మహిళా విశ్వవిద్యాలయం (పూర్వపు మహిళా కళాశాల) ఆవరణలో ఉన్న పాత బ్రిటిష్ రెసిడెన్సీకి వెళ్లి రండి. పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో కట్టిన భవనం, ముందు నిలువెత్తు కొరింథియన్ వరుస. స్తంభం పైకి పోతూ ఎక్కడ సన్నబడిందో, దూలం అంచు ఎక్కడ ఆనిందో మెట్ల దగ్గర నిలబడి చూస్తే నేను రాసిన పేరా అంతా అక్కరలేదు.

నేను స్తంభాలు మానుకున్నది వాటి మధ్య దూరం వల్ల. విట్రూవియస్ స్తంభాల నడుమ ఖాళీని వ్యాసానికి ఒకటిన్నర రెట్ల నుంచి లెక్కగట్టి, రెండుంపావు రెట్లను అన్నిటిలోకీ మేలన్నాడు. బాగా దూరంగా పెడితే రాతి దూలం విరుగుతుంది కనుక చెక్కవే వేయాలన్నాడు. మన పోర్టికోలో కారు దూరాలి. పదిన్నర అడుగుల ఖాళీ అంటే 14 అంగుళాల వ్యాసానికి 9 రెట్లు. ఆర్‌సీసీ బీము దాన్ని హాయిగా మోస్తుంది కానీ కన్ను ఒప్పుకోదు. అందుకే మేము క్యాపిటల్ ఏమీ లేని నలుచదరపు పిల్లర్లు కట్టించాం. మీరు గుండ్రటివే కావాలంటే చెరో పక్కన రెండేసి దగ్గరగా పెట్టి మధ్య ఖాళీ వదలండి. జంట స్తంభాలు పాత కట్టడాల్లో ఉన్నవే.

ఇంటి లోపల స్తంభం ఉండదు కానీ గోడనే స్తంభంగా భావించి పంచుకోవచ్చు. 120 అంగుళాలను 19తో భాగిస్తే ఒక్కో భాగం సుమారు 6.3 అంగుళాలు. పై 3 భాగాలు 19 అంగుళాలు. అందులో కార్నిస్ వాటా ఐదింట రెండు వంతులకు కాస్త తక్కువ, అంటే దాదాపు 7 అంగుళాలు. బజారులో మామూలుగా అమ్మేది 3 అంగుళాల పీఓపీ పట్టీ. పది అడుగుల గోడకు అది గీత గీసినట్టు ఉంటుంది. నేను హాల్లో 6 దగ్గర ఆపాను. కార్నిస్ గోడ మీద ఎంత దిగుతుందో సీలింగ్ మీద దాదాపు అంతే ముందుకు రావాలి. గోడకు అంటుకుపోయిన చదును పట్టీకి నీడ పడదు, నీడ పడని కార్నిస్‌కు పెట్టిన డబ్బు దండగ. దీనికోసం ఫాల్స్ సీలింగ్ కూడా మానండి. పదడుగుల గదిని తొమ్మిది చేసుకుని దాని అంచున లైట్లు దాచడం ఇప్పటి మోజు, నాకు నచ్చదు.

లెక్క ప్రకారం సీలింగ్‌కు 19 అంగుళాల కింద ఇంకో సన్నని పట్టీ గోడ చుట్టూ తిరగాలి. భోజనాల గదిలో అది బాగా కుదిరింది, పట్టీకి కార్నిస్‌కు నడుమ గోడను కాస్త లేత రంగు వేయించాం. పడకగదుల్లో మాత్రం ఆ ఎత్తులోనే స్ప్లిట్ ఏసీ వచ్చి కూర్చుంటుంది, దాని నెత్తిన గాలికి ఖాళీ వదలాలి. రోమన్లకు ఆ బాధ లేదు. అక్కడ కింది పట్టీ వదిలేశాను. ఏసీ పైపు కన్నం కొట్టేముందే కార్నిస్ లోతు ఎలక్ట్రీషియన్‌కు చెప్పి ఉంచండి.

దిమ్మె వాటా 4 భాగాలు 25 అంగుళాలు. గోడకు కుర్చీ ఎత్తున పట్టీ వేసే అలవాటు ఈ దిమ్మె లెక్క నుంచి వచ్చిందే. అమెరికా ఇళ్ల ఫొటోలు చూసి 36 అంగుళాల దగ్గర వేస్తే గోడ నడుం దగ్గర తెగినట్టు ఉంటుంది. ఇంగ్లండులోని పాత జార్జియన్ శైలి ఇళ్లలో అది 30 దరిదాపుల్లో నప్పిందంటే అక్కడి గది ఎత్తు 12 అడుగులు. మన హాల్లో 25 దగ్గర వేస్తే సోఫా వెనక దాక్కుంటుంది. అసలు వద్దు.

స్కర్టింగ్‌కు 19లో ఒక భాగం ఇవ్వడం నా సొంత లెక్క: 6 అంగుళాలు. టైల్స్ మేస్త్రి 4 అంటాడు, ఎందుకంటే రెండడుగుల టైలులో 4 అంగుళాల ముక్కలు ఆరు, 6 అంగుళాలవి నాలుగే వస్తాయి. ఆ తేడాకు డబ్బు పెట్టండి. ముఖ్యంగా పూత మీద టైలు అతికిస్తే అది తలుపు పట్టీ కన్నా ముందుకు పొడుచుకొస్తుంది. స్కర్టింగ్ ఎత్తు వరకు పూత ఆపించి, టైలును లోపలికి దించితే తలుపు పట్టీకి ఆని ఆగుతుంది.

తలుపుల దగ్గర మన అలవాటు, పాత సూత్రం చక్కగా కలిశాయి. తలుపు చుట్టూ పట్టీ వెడల్పు, తలుపు వెడల్పులో ఆరో వంతుకు తగ్గకూడదు, ఐదో వంతుకు మించకూడదు అన్నాడు ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో, 1570లో. 3 అడుగుల తలుపుకు ఆరో వంతు 6 అంగుళాలు. మన ద్వారబంధం ముఖం 3 అంగుళాలు, దాని పక్కన గోడ మీద 3 అంగుళాల టేకు పట్టీ. సరిగ్గా 6. రెండున్నర అడుగుల బాత్‌రూమ్ తలుపుకు 5 కావాలి: రెండున్నర బంధం, రెండున్నర పట్టీ. వడ్రంగి అంగుళంన్నర బీడింగ్ చాలంటాడు, అది పూతకు చెక్కకు నడుమ పగులు దాచడానికి మాత్రమే సరిపోతుంది. పైన అడ్డ పట్టీని నిలువు పట్టీలతో 45 డిగ్రీల్లో కలపమనండి. టేకు బాగా ఆరకపోతే వేసవిలో ఆ మూల విచ్చుకుంటుంది.

గదుల పొడవు వెడల్పులు ఇంకా ఖరారు కాకపోతే పల్లాడియో మెచ్చిన నిష్పత్తుల్లో 4:3, 3:2 మనకు అందుబాటులో ఉన్నవి: 16 × 12, 18 × 12. గోడలు లేచిపోయి ఉంటే దాన్ని వదిలేయండి.

కార్నిస్ ఆర్డర్ ఇచ్చే ముందు రెండు సైజుల్లో థర్మోకోల్ కోయించి హాలు మూలలో నాలుగేసి అడుగులు అతికించండి. గుమ్మంలో నిలబడి పొద్దున ఒకసారి, ట్యూబ్‌లైటు వేశాక ఒకసారి చూసి, ఇంట్లోవాళ్లను కూడా అడిగి, అప్పుడు పీఓపీ వాళ్లకు సైజు చెప్పండి.